ఆదిమాతకు పెట్టిన ముఖం

మా చెల్లెలు రోజీ అందగత్తె కాదు. ఓబుదా ఊళ్లోని ఇటుకబట్టీలో పన్నెండో ఏట నుంచి మట్టి తొక్కిన మనిషి ఎలా ఉంటుందో అలాగే ఉంటుంది. ఆమెను వెతుక్కుంటూ వచ్చింది చిత్రకారుడు ఓర్దశి దొర. మేం పిలవలేదు.

పెష్ట్‌ నగరంలో ఆ ఏడాది అందరి నోటా ఒకే నాటకం. అందులో మనుషులందరికీ తొలితల్లి అయిన ఆదిమాత దేవుణ్ణి నిలబెట్టి, ఆకలిని ఎందుకు పుట్టించావని అడుగుతుంది. నాటకశాల రోజూ నిండిపోతుంటే ప్రచురణకర్త తర్నయి దాన్ని బొమ్మలతో పెద్ద పుస్తకంగా వేద్దామనుకున్నాడు. ఓర్దశి చెక్క మీదే బొగ్గుతో గీస్తాడు, అచ్చు వేయడానికి మా పనిశాలవాళ్లం ఆ గీతల్ని చెక్కుతాం. పెద్ద బొమ్మకు నాలుగు చెక్కలు మరలతో బిగించి, ఆకాశం ఒకడికి, బట్టలు ఒకడికి పంచుతారు. ముఖాలూ చేతులూ మాత్రం ఒక్కడికే ఇస్తారు. మా పనిశాలలో ఆ ఒక్కణ్ణి నేను.

రోజీ రెండు ఆదివారాలు చర్చి మానుకుని ఓర్దశి ముందు నిలబడింది. "లోకంలోని ఆకలంతా నీ ముఖంలో ఉందమ్మా," అన్నాడట. పిచ్చిది, ఆ మాట బట్టీ అంతా చెప్పుకుంది.

"ఏమే ఆదిమాతా, ఓ ఉల్లిపాయ ఉంటే ఇటు పడెయ్యి!" అని తోటివాళ్లు ఏడిపించేవాళ్లు.

"దేవుణ్ణే నిలదీసినదాన్ని, నీకు ఉల్లిపాయ మోయాలా?" అనేది.

మూడు వారాలు చెక్కాను. ఉలి తీసేసిన చోటు కాగితం మీద తెల్లగా పడుతుంది, వదిలేసిన చోటు నల్లగా. ఆ బుగ్గల గుంటల్లో నలుపు ఎంత వదలాలో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

మొదటి అచ్చు చూసి తర్నయి మొహం చిట్లించాడు.

"ఎవరయ్యా ఇది?"

"ఆదిమాత అండీ."

"బట్టీ కూలిదానిలా ఉంది. గొప్పింటి ఆడవాళ్లు ఈ పుస్తకం ముందు పెట్టుకుని కాఫీ తాగాలి. ఈ మొహం చూస్తే గొంతు దిగుతుందా?"

"నాటకంలో ఆమెకు ఆకలి కదండీ."

"ఆకలి ఉండనీ. అందంగా ఉండాలి."

ముఖం ఉన్నచోట కన్నం తొలిచి, కొత్త చెక్క బిరడా దిగ్గొట్టి, దాని మీద ఓ జమీందారిణి మొహం చెక్కమన్నాడు. ఓర్దశి పక్కనే ఉన్నాడు. నేను ఆయన వైపు చూశాను. ఆయన తన చేతితొడుగుల వైపు చూసుకున్నాడు.

"చిన్న సర్దుబాటేగా, వెండెల్," అన్నాడు.

నేను చెయ్యనన్నాను. పక్క బల్ల దగ్గరి ఆగోష్ట్ చేశాడు. పిల్లలుగలవాడు. అతని మీద కోపం లేదంటే అబద్ధం. అయితే ఆ దొరల మీద ఉన్నంత లేదు.

ఇంటికెళ్లి రోజీకి చెప్పేశాను. మర్నాడు మిట్టమధ్యాహ్నం మట్టి బట్టలతోనే పనిశాలలోకి వచ్చింది. కొత్త అచ్చు చూసింది. నున్నటి మొహం, చిన్న నోరు. కింద పగిలిన గోళ్లు, వంకర బొటనవేలు, కణుపుల్లో మట్టి.

"అన్నా, ఈ చేతులెవరివి?"

"నీవే."

తర్నయి నవ్వాడు. "అవి ఉంచేశాం అమ్మాయ్. కష్టజీవి చేతులు బొమ్మకు నిండుతనం తెస్తాయి."

"నా మొహం చూస్తే కాఫీ దిగదు గానీ నా చేతులు కావాలా?" రోజీ గొంతు పెంచలేదు. "అన్నా, తీసెయ్."

బొమ్మ చెక్క పక్కనే ఆగోష్ట్ బల్ల మీద ఉంది. అన్నిటికన్నా వెడల్పు ఉలి తీసి రెండుసార్లు తోశాను. చేతులు పోయాయి.

తర్నయి కేకలకు అద్దాలు అదిరాయి. "ఇంకో బిరడా కొట్టండి!"

"నిలవదండీ," అన్నాడు ఆగోష్ట్ తల ఎత్తకుండా. "చేతులు సరిగ్గా రెండు చెక్కల అతుకు మీదున్నాయి. ఆ చెక్కలు మార్చి మళ్లీ గీయించాల్సిందే."

నన్ను అప్పుడే బయటికి నెట్టారు.

పాత అచ్చు చూసి గీస్తే ప్రాణం రాదట, కొత్తగా గీయడానికి ఓర్దశికి కష్టపడ్డ చేతులు కళ్లెదుట కావాలి. ఆయనకు ఊహ అంత దూరం పోదు. మూడుసార్లు బట్టీకి మనిషిని పంపాడు. అక్కడ వందల మంది ఆడవాళ్లున్నారు.

"మొహాలు కావాలా, చేతులు మాత్రమేనా?" అని అడిగారట ప్రతిసారీ.

చేతులేనన్నాడు. ఒక్కతీ కదల్లేదు.