నేను చేసిందే

ఫోను మోగేసరికి వైరమ్మ నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని చిక్కుపడ్డ వైర్లను విడదీస్తోంది. మోచేతికీ బొటనవేలికీ మధ్య వైరును చుట్టి, ఆ చుట్ట నడుముకు గుడ్డపీలిక కట్టి, గోడ మేకుకు తగిలించడం పొద్దున్నే ఆమెకు మొదటి పని. ఆ అలవాటు వల్లే ఆస్పత్రిలో ఆమెకు ఆ పేరు స్థిరపడింది. అసలు పేరు హాజరు వేసేటప్పుడు తప్ప ఎవరి నోటా వినబడదు. మందుల గోదాము పక్కన, కిటికీ లేని ఆ గదిలో కూర్చుని కంప్యూటర్లు బాగుచేసేది ఇద్దరే. ఆమె, కళ్ళజోడాయన.

కళ్ళజోడాయన ఫోను తీసి, విని, చేత్తో మూసి నవ్వాడు.

"మీ బాబాయే. ఇంకా నిద్ర లేవలేదట."

లేవనిది బాబాయి కాదు, ఆయన లాప్‌టాప్. రోగుల వివరాలు రాసుకుని చీటీలిచ్చే మొదటి కౌంటరులో కూర్చునే పెద్దాయనను ఊడ్చేవాళ్ళ దగ్గర్నుంచి డాక్టర్ల దాకా అందరూ బాబాయనే పిలుస్తారు. మీట నొక్కిన చాలాసేపటికి గాని అది తెరుచుకోవడం లేదని కిందటి వానాకాలం నుంచి ఆయన ఫోను చేస్తూనే ఉన్నాడు. ఎప్పుడూ కసురుకున్నది లేదు. ఇంట్లో బద్ధకపు మనవడి మీద చాడీ చెప్పినట్టు చెప్పేవాడు. ఓసారి ఆపి మళ్ళీ పెట్టండి బాబాయిగారూ, అనేది వైరమ్మ. ఆపి పెట్టేసరికి ఎలాగో తెరుచుకునేది. ఆయన మళ్ళీ ఫోను చేసి, నీ చలవేనమ్మా అనేవాడు.

వెళ్ళి చూడాలని ఆమె అనుకోకపోలేదు. కానీ ఆపరేషన్ గదిలో తెర ఆగిపోతే పరుగెత్తాలి, స్కానింగు గదిలో ప్రింటరు మొరాయిస్తే పరుగెత్తాలి. ఆలస్యంగానైనా పనిచేసే యంత్రం వంతు ఎప్పుడూ చివరికే పోతుంది.

ఈసారి ఆమె ఫోను తీసుకుని, ఆపి మళ్ళీ పెట్టమని చెప్పబోయేలోగా బాబాయే అందుకున్నాడు.

"ఇవాళ అప్పజెప్పేసి వెళ్ళిపోవాలి తల్లీ. రేపొచ్చే పిల్ల నాలా అవస్థ పడకూడదు. ఓసారి వచ్చి చూసిపో."

వైరమ్మ పనిముట్ల సంచీ భుజాన వేసుకుని మెట్లెక్కింది. సన్నటి మనిషి. ఎదురొచ్చేవాళ్ళకు దారిచ్చి గోడవారగా నడుస్తుంది. ఇంట్లో ఫ్యాను తిరగడం మానేస్తే బాగుచేసేదీ ఆమే, పక్కింటివాళ్ళ మిక్సీ మూగబోతే పలికించేదీ ఆమే. అది తిరగడం మొదలుపెట్టాక ఎవరు బాగుచేశారని ఎవరూ అడగరు. ఆమెకు అదే ఇష్టం. తన చెయ్యి పడిన చోటు కనబడకపోవడమే మంచి పనికి గుర్తని నమ్ముతుంది.

గాజుపలక వెనక బాబాయి కుర్చీలోంచి లేచి ఆమెకు చోటిచ్చాడు. ఉతికి మడత నలగని చొక్కా, చెవుల వెనకనుంచి దారంతో కట్టుకున్న కళ్ళద్దాలు. తెర ఇంకా నల్లగానే ఉంది. ఆయన ముందు నిలబడాల్సిన వాళ్ళంతా రెండో కౌంటరు వరసలోకి మారిపోయారు. అక్కడి ఆవిడ చీటీలు ఇస్తూనే, తల తిప్పకుండా గొంతు తగ్గించి సంగతి చెప్పింది. మొదటి కౌంటరు పొద్దున్నే తెరవడం లేదని ఫిర్యాదుల మీద ఫిర్యాదులట. పెద్దాయనకు చేతివేగం తగ్గింది, ఇక ఇంటిపట్టున ఉండమన్నాడట సూపరింటెండెంటు.

"నిజమే కదమ్మా," అన్నాడు బాబాయి తన వేళ్ళను చాపి చూసుకుంటూ. "ఒకప్పుడు మనిషి పేరు చెప్పేలోగా చీటీ చేతిలో పెట్టేవాణ్ణి. ఇప్పుడీ వేళ్ళు ఎక్కడ తడబడుతున్నాయో నాకే తెలియట్లేదు." వెంటనే నవ్వేశాడు. "ఇక మీ పిన్ని నన్ను ఇంట్లో ఏ కౌంటర్లో కూర్చోబెడుతుందో చూడాలి."

వైరమ్మ నవ్వలేకపోయింది. పనిలో పడింది. ఛార్జరు మార్చి చూసింది, బాగానే ఉంది. అడుగు రేకు విప్పి, ఫ్యానులో గూడుకట్టిన దుమ్ము కుంచెతో దులిపింది. లాప్‌టాప్ తెరుచుకోగానే తమంతట తాము మొదలయ్యే అక్కర్లేని వాటిని తీసేసింది. ఆపి మళ్ళీ మీట నొక్కింది. మళ్ళీ అదే నలుపు. ఈసారి తాను ఫోను అవతల లేదు, ఎదుటే ఉంది గనక, ఆ నలుపు వైపే కళ్ళార్పకుండా చూసింది. తెర మూల చీమల బారులా ఒక సన్నని తెల్ల అక్షరాల వరస కనబడింది.

చదవగానే ఆమె చేతులు ఆగిపోయాయి.

ఏ లాప్‌టాప్ అయినా మీట నొక్కగానే తన లోపలి డిస్కును చూసుకుంటుంది. ఇది మాత్రం ముందు నెట్‌వర్కు వైరు వెంట బయటికి పోయి, తనను లేపేవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని పిలుస్తోంది. ఎవరూ పలకరు. మళ్ళీ పిలుస్తుంది. పిలిచి పిలిచి విసిగాక గాని తనలోకి చూసుకోదు. అలా చెయ్యమని దానికి చెప్పింది వైరమ్మే. కిందటి వానాకాలంలో నీళ్ళొచ్చి కౌంటర్ల కంప్యూటర్లు పాడైతే, వాటి బదులు వచ్చిన లాప్‌టాప్‌లలోకి వైరు వైపే ముందు చూడమని చెప్పి, ప్రోగ్రాములన్నీ దాని ద్వారానే ఎక్కించింది. ఎక్కించాక ఒక్కొక్కదాన్నీ మళ్ళీ మామూలుగా మార్చుకుంటూ వచ్చింది. దీని దగ్గరికి వచ్చేసరికి ఎవరో పిలిచారు, లేచి వెళ్ళింది. వెళ్తూ వెళ్తూ బాబాయికి ఒక మాట చెప్పింది కూడా: వైరు మాత్రం తీయకండి. ఆయన తీయలేదు.

ఆమె వైరు లాగి మీట నొక్కింది. లాప్‌టాప్ చటుక్కున తెరుచుకుంది. వైరు పెట్టి నొక్కింది. నలుపు. మిగిలిన పని మీటలు రెండు నొక్కినంత. ముందు లోపలి డిస్కునే చూసుకునేలా ఆమె సరిచేసి, వైరు ఉండగానే మళ్ళీ పెట్టింది. కళ్ళు మూసి తెరిచేలోగా తెర వెలిగింది.

"అమ్మ దొంగా," అన్నాడు బాబాయి లాప్‌టాప్‌తో. "నేను పోయే రోజున బుద్ధొచ్చిందా నీకు."

వైరమ్మ సంచీ మూసి ఆయన వైపు తిరిగింది.

"ఇది నేను చేసిందే బాబాయిగారూ."

"నువ్వు కాక ఇంకెవరు చేస్తారమ్మా," అన్నాడాయన సంబరంగా. "నీ చెయ్యి పడితే చాలని నాకు తెలుసు. నీకు తీరిక దొరకలేదు గాని." రెండో వరసలో నిలబడ్డ ముసలామెను పిలిచి కుర్చీలో కూర్చున్నాడు. ఊరు, వయసు, వచ్చిన బాధ అడుగుతూనే ఉన్నాడు, వేళ్ళు మీటల మీద టకటక పరుగెడుతూనే ఉన్నాయి. ముసలామె కొంగు సర్దుకునేలోగా చీటీ గాజుపలక కిందినుంచి అవతలికి వచ్చింది. ఆ వేగాన్ని ఆయన గమనించలేదు. వైరమ్మ గమనించింది.

తిన్నగా సూపరింటెండెంటు గదికి వెళ్ళింది. దారంతా మాట కూడబలుక్కుంటూనే ఉంది. మంచి పనికే కాదు, తప్పు పనికీ తన చెయ్యి కనబడదని ఇన్నాళ్ళూ ఆమెకు తోచలేదు.

ఆయన కాగితాల మీదనుంచి తలెత్తి, ఏమిటన్నట్టు చూశాడు.

"మొదటి కౌంటరు లాప్‌టాప్ బాగైంది సార్."

"మంచిది. ఏమైందట?"

"సెట్టింగు మారింది సార్."

"ఆయనే ఏదో కెలికుంటాడు. వయసు మీద పడింది కదా. సరే, రేపు కొత్తమ్మాయి వస్తుంది."

కాదు సార్ అన్న మాట ఆమె నోటిదాకా వచ్చింది. బల్ల మీద ఫోను మోగింది. ఆయన అటు తిరిగి ఎవరితోనో మాట్లాడసాగాడు. ఆ మాటలు అయ్యేదాకా నిలబడితే సరిపోయేది. నిలబడలేదు. తలుపు చప్పుడు కాకుండా మూసి వచ్చేసింది.

మధ్యాహ్నమంతా వార్డుల్లో ప్రింటర్లతోనే గడిచిపోయింది. కళ్ళజోడాయన, బాబాయి లేచాడా అని అడిగితే, ఊఁ అంది. కౌంటర్లు మూసే వేళకు ఆమె ఇక ఉండబట్టలేకపోయింది. పై అధికారికి చెప్పలేకపోయినా బాబాయికైనా విడమర్చి చెప్పాలి. మీ వేళ్ళకేం కాలేదు బాబాయిగారూ, నేనే మరిచిపోయాను అని. మెట్లు రెండేసి ఎక్కింది.

మొదటి కౌంటరులో కుర్చీ ఖాళీగా ఉంది. లాప్‌టాప్ మూసి, దాని మీద వైరును పొందిగ్గా చుట్టి పెట్టి ఉంది. ఊడ్చే ఆవిడ గాజుపలక ముందు నిలబడి, కాళ్ళ దగ్గరున్న స్టూలును చూపిస్తూ, దీని మీద ఆస్పత్రి నెంబరు లేదు, ఎవరిదో ఏమో, గోదాములో పడెయ్యనా అని అడుగుతోంది. రెండో కౌంటరావిడ సంచీ సర్దుకుంటూ జవాబిచ్చింది.

"బాబాయిది. ఇంటినుంచి మోసుకొచ్చాడు. లాప్‌టాప్ లేచేదాకా ముసలాళ్ళు నిలబడలేకపోతున్నారని. తీసుకెళ్ళమంటే, రేపు కూడా వస్తారు కదా వాళ్ళు అన్నాడు."

గాజుపలక అవతల, రోగులు నిలబడే చోట, పొట్టి కాళ్ళ చెక్క స్టూలు అది. దాని మీద పాత చీరతో కుట్టిన చిన్న మెత్త, ఇన్నాళ్ళు కూర్చున్నవాళ్ళ బరువుకు నడుమ లొత్తపడి ఉంది.