నడిమి పేజీలు

మూడో ఫారం కుట్టు ముగించి నాలుగోది అందుకుంది సూదిపిల్ల. ఫారమంటే పదహారు పేజీల మడత. అలాంటివి పన్నెండు కలిపి కుడితే ఒక పాఠ్యపుస్తకం. మడతను సరిగ్గా నడిమికి తెరవాలి, సూదిని లోపలినుంచి మడత వీపులోకి గుచ్చాలి, బయటికి లాగి మళ్ళీ లోపలికి పంపాలి. మైనం పట్టించిన దారం ఒరుసుకుపోయే చోట ఆమె చూపుడువేలికి కాయ కాసింది. రాత్రి కూతురి చెంప నిమరాలన్నా ఆ వేలు మడిచి మిగతా వేళ్ళతో నిమురుతుంది.

సూదిపిల్ల అన్న పేరు ఆమెకు తొమ్మిదో ఏట పడింది. నాన్న కట్టుబడి పనిలో పరంజా మీంచి పడి చనిపోయిన నెలకే, నాలుగో తరగతి సగంలో ఉండగా, అమ్మ ఆమెను ఈ బైండింగు షాపుకు తెచ్చి దిగబెట్టింది. "వేళ్ళు సన్నగా ఉన్నాయి, కుట్టుకు పనికొస్తుంది" అన్నాడు మేస్త్రి. ఇప్పుడు ముప్పైకి దగ్గరపడింది. ఆరేళ్ళ కూతురు. వేళ్ళు లావెక్కాయి. పేరు మాత్రం ఎదగలేదు.

బడి పోయింది గాని అక్షరాలు ఆమెను వదల్లేదు. కుట్టేవాళ్ళకు ప్రతి ఫారంలోనూ నడిమి రెండు పేజీలే కనబడతాయి. ఎనిమిది, తొమ్మిది. ఇరవై నాలుగు, ఇరవై ఐదు. నలభై, నలభై ఒకటి. సూది దూరి వచ్చేలోగా ఎంత చదివితే అంత. ఆమె చదివిన కథల్లో రాజు అప్పటికే అడవిలో ఉండేవాడు. ఎందుకెళ్ళాడో, తిరిగొచ్చాడో తెలిసేది కాదు. ముందూ వెనకా తనే అల్లుకుని సరిపెట్టుకునేది.

ఇవాళ మధ్యాహ్నం రెండింటికి సాంఘిక శాస్త్రం పరీక్ష. ప్రైవేటుగా కట్టిన పదో తరగతిలో మిగిలిన ఒకే ఒక్కటి, కిందటిసారి తప్పింది. వచ్చే సీజనుకు షాపులోకి కుట్టు మిషను వస్తోంది. చేతికుట్టు వాళ్ళందరినీ పంపేస్తారు. పదో తరగతి ఉన్న ఒక్కరిని మాత్రం పార్సిళ్ళ గదిలో ఉంచుకుంటామన్నారు. ఆ ఒక్కరు తను కాకపోతే?

చదివించింది అత్తగారు. ఆవిడకు అక్షరం ముక్క రాదు. రోజూ ఐదింటికల్లా కోడల్ని లేపి, గోడకు ఆనుకుని కూర్చుని, కళ్ళు మూసుకుని వింటుంది. కోడలి గొంతు ఎక్కడ బరువెక్కితే అక్కడ వేలెత్తుతుంది. "అక్కడ నీకు రాదమ్మాయీ. మళ్ళీ చదువు." చదువు ముగిశాక దేవుడితో పక్కింటాయనతో మాట్లాడినట్టు మాట్లాడుతుంది. "నాకు ఓనమాలు దిద్దించలేదు, పోనీలే అని ఊరుకున్నా. దీన్ని కూడా మధ్యలో వదిలేశావంటే నీకూ నాకూ మాటల్లేవు."

కోడలికి అంత నమ్మకం లేదు. కాని ఆ మాటలు చెవిన పడందే ఇల్లు కదలదు.

ఇవాళ పొద్దున అత్తగారు ఎడమ భుజం రుద్దుకుంటూ వింది.

"ఏంటత్తయ్యా, నొప్పా? డాక్టరు దగ్గరికి వెళ్దామా?"

"భుజం నాది, పరీక్ష నీది. దాని సంగతి నేను చూసుకుంటాలే. నువ్వు చదువు."

నాలుగో ఫారం కుట్టేసి ఐదోది తెరిచింది సూదిపిల్ల. కొత్తగా అచ్చయిన పదో తరగతి సాంఘికం. డెబ్భై రెండు, డెబ్భై మూడు. పేజీల నిండా నది పటం.

సూది ఆగిపోయింది. తన పుస్తకంలో డెబ్భై రెండులో అడవి బొమ్మ ఉంది.

తన పుస్తకం తనే కుట్టుకుంది, చెడిపోయిన ఫారాల కుప్పలోంచి ఒక్కొక్కటీ ఏరి. ఐదో ఫారం పాత పుస్తకంది పడినట్టుంది. అంకెలు అవే, పాఠం వేరు. అరవై నాలుగో పేజీ చివర తెగిన వాక్యం అరవై ఐదులో అతకలేదు. ఆ సంగతి ఇన్నాళ్ళూ ఆమెకు తట్టలేదు. నడిమి పేజీలు చదివి పెరిగిన మనిషికి వాక్యం తెగిపోవడం వింతేం కాదు. ముందూ వెనకా అల్లుకుని సాగిపోయింది.

అత్తగారికి మాత్రం తట్టింది. రెండు నెలల కిందటే వేలెత్తింది. "ఇదేంటమ్మాయీ, కాలవలూ నీళ్ళూ అంటూ ఉన్నట్టుండి చెట్టెక్కేశావ్?"

"పుస్తకాలు అలాగే ఉంటాయత్తయ్యా, మీకు తెలీదు" అంది తను. ఆవిడ చిన్నబుచ్చుకోలేదు. "సరేలే, చదువుకున్నదానివి" అని వేలు దించేసుకుంది.

ఇప్పుడా మాట తలుచుకుంటే ఆమె చెవులు వేడెక్కాయి. లేచి మేస్త్రి దగ్గరికి వెళ్ళింది.

"బాబాయ్, ఈ ఐదో ఫారం ఒకటి కావాలి. నేను తప్పు పాఠం చదివాను."

మేస్త్రి కళ్ళద్దాల పైనుంచి చూశాడు. "పరీక్ష రెండింటికి కదే? పదకొండవుతోంది. మూడు గంటల్లో పదహారు పేజీలా? నాకైతే పదహారేళ్ళు పట్టేది."

"మళ్ళీ తప్పావో, నిన్నే కుట్టి అట్ట వేసేస్తాం" అంది పక్కన మడతలు పెట్టే అక్క. ఆ మాట అంటూనే సూదిపిల్ల ముందున్న ఫారాల దొంతర తన వైపు లాక్కుంది. "పో, పో. ఇవి నేను చూసుకుంటా."

మెట్ల కింద కూర్చుని, మూసి ఉన్న అంచులు రేకుకత్తితో చీల్చింది. అరవై ఐదు నుంచి మొదలుపెట్టింది. పై ఊరివాళ్ళు నీళ్ళు ఆపుకుంటే కింది ఊరివాళ్ళకు ఏమవుతుంది, ఎవరి వాటా ఎంత, తగువు ఎలా తీరుతుంది. పైకి చదివింది. తడబడిన చోట తనే వేలెత్తుకుని వెనక్కి వెళ్ళింది. మెట్లెక్కేవాళ్ళు వింతగా చూశారు. చూడనీ. షాపులో పంతొమ్మిదేళ్ళ నుంచీ పని చేస్తోంది, ఒక ఫారాన్ని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదవడం ఆమెకు ఇదే మొదలు.

పరీక్ష గదిలో బల్ల చిన్నది, మోకాళ్ళు తగులుతున్నాయి. పక్కన కూర్చున్న అమ్మాయి తన వయసులో సగం ఉంటుంది. ప్రశ్నపత్రం తిరగేసింది. నాలుగో ప్రశ్న నీటి పంపకం. పది మార్కులు. అడవుల మాటే లేదు.

రెండున్నర పేజీలు రాసింది. మొదలు, నడుమ, చివర. కాయ కాసిన వేలి కింద పెన్ను జారిపోతుంటే రెండుసార్లు చీరకు తుడుచుకుంది. పేపరు ఇచ్చేటప్పుడే తెలిసింది, ఈసారి గట్టెక్కుతానని.

బయటికి రాగానే ఆమెకు తోచింది ఒకటే. ఇంటికెళ్ళి అత్తయ్యతో చెప్పాలి. మీరే కరెక్టు, తప్పు పట్టింది మీరు, నేను వినలేదు. ఆవిడేమంటుందో కూడా తెలుసు. "చూశావా, నేను చదువుకుని ఉంటే నీకు మేస్టార్ని అయ్యేదాన్ని" అంటుంది. బస్సులో కూర్చోలేక రెండు స్టాపుల ముందే దిగి నడిచింది.

గుమ్మంలో కూతురు కూర్చుని ఉంది. తలకు ఒక పక్క జడ, రిబ్బను ముడితో సహా. రెండో పక్క జుట్టు విరబోసినట్టు భుజం మీద పడి ఉంది.

"గట్టిగా మాట్లాడకమ్మా" అంది పిల్ల గుసగుసగా. "నానమ్మ జడ వేస్తూ వేస్తూ నిద్రపోయింది. నేను లేపలేదు."

సూదిపిల్ల చెప్పులు విడవలేదు. లోపల అత్తగారు గోడకు ఆనుకుని, కళ్ళు మూసుకుని ఉంది, పాఠం వింటున్నట్టు. సూదిపిల్ల పక్కన కూలబడి ఆవిడ చెయ్యి పట్టుకుంది. వేళ్ళు చల్లగా ఉన్నాయి.

"పాసవుతాను అత్తయ్యా" అంది.

వెనక నుంచి పిల్ల వచ్చి ఆమె కొంగు లాగింది. "ఇంకో జడ?"

ఆమె పిల్లను దగ్గరకు లాక్కుని, ముఖం తన భుజానికి అదుముకుంది, ఇంకాసేపు ఆ వైపు చూడకుండా.

ముసలావిడ ఒళ్ళో దువ్వెన ఉంది. దాని పళ్ళ మధ్య చిక్కుకున్న పొడుగాటి వెంట్రుక ఒకటి ఫాను గాలికి లేస్తూ, పడుతూ ఉంది.