మందు కొట్టిన లాన్ మీద కూర్చున్నవాడు

కడియంలో లాన్ గడ్డి అమ్మేవాళ్ళలో నాకంటే తెలిసినవాడు లేడని రెండు వేల మూడు దాకా నమ్మాను. అలా నమ్మినవాణ్ణి నేనొక్కణ్ణేనని తర్వాత తెలిసింది.

ఆ వేసవిలో, రాజమండ్రిలో సత్యకుమారి గారింటి ముందు నేను పరిచిన గడ్డి పసుపెక్కింది. ఆవిడ సైన్సు టీచరుగా రిటైరయ్యారు. గడ్డిని ఒక మూల పట్టుకుని లాగితే చాపలా లేచొచ్చింది. వేళ్ళన్నీ పురుగు కొరికేసింది. స్ప్రేయరు వీపుకి తగిలించుకుని లాన్ అంతా తడిసేలా మందు కొట్టాను.

ఆవిడ పది నెలల మనవరాలిని చంకనేసుకుని వరండాలో నిలబడ్డారు.

"హరిబాబు గారూ, పాప పాకుతోంది. దొరికిందల్లా నోట్లో పెట్టుకుంటుంది. ఎన్నాళ్ళు కింద దింపకూడదండి?"

"ఎన్నాళ్ళేంటండి! ఆరిపోతే అయిపోయినట్టే. రేపు సాయంత్రం దింపేయండి."

"అలాగని ఎక్కడ రాసుందండి?"

సీసాతో వచ్చిన కాగితం మడత విప్పలేదు నేను. పదిహేనేళ్ళలో ఏ కాగితమూ విప్పలేదు. ఆ సంగతి ఒప్పుకోలేక చెప్పులు విడిచి, తడిగడ్డి మధ్యలో మఠం వేసుక్కూర్చున్నాను. ఆవిడ నాకోసం తెచ్చిన బజ్జీల పళ్ళెం అందుకున్నాను.

"ముందు చేతులు కడుక్కోండి!"

"అక్కర్లేదండి. చూస్తూ ఉండండి, నాకేమైనా అవుతుందేమో."

ఐదు బజ్జీలు తిన్నాను. ఇంటికెళ్ళేసరికి తల తిరిగింది, ఒళ్ళంతా చెమట, నోటినిండా చొంగ. మా ఆవిడ మీనాకుమారి ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళింది.

"ఏమైందండి?" అన్నాడు డాక్టరు.

"పురుగుల మందండి," అన్నాను.

ఆయన స్టెతస్కోపు పక్కన పెట్టి, గొంతు తగ్గించి, "ఇంట్లో ఏమైనా గొడవలా?" అనడిగాడు. అప్పటిదాకా ధైర్యంగా ఉన్న మీనాకుమారి ఘొల్లుమంది.

"తాగలేదండీ! దాని మీద కూర్చున్నాను!"

ఇరవయ్యేళ్ళ సర్వీసులో అలాంటి కేసు చూడలేదన్నాడాయన. ఏ మందని అడిగితే నాకు సీసా రంగు తప్ప పేరు గుర్తు రాలేదు. మీనాకుమారి ఫోన్ చేస్తే సత్యకుమారి గారు, నేను వాళ్ళింట్లో వదిలేసిన ఆ కాగితం పట్టుకుని రిక్షాలో వచ్చారు. దాన్ని చూసి డాక్టరు వైద్యం చేశాడు. మూడో రోజుకి లేచి కూర్చున్నాను.

క్షమాపణ చెప్పడానికి వాళ్ళింటికి వెళ్తే వరండాలో గాజుగ్లాసులు కనిపించాయి. లాన్ గడ్డి వేసిన గ్లాసుల్లో చీమలు, పెరట్లో మందు పడని గడ్డి వేసిన గ్లాసులోనూ చీమలు. రోజూ పొద్దున్నే కొత్త గడ్డి కోసి, సాయంత్రానికి ఎన్ని బతికాయో ఆవిడ రాసుకుంటున్నారు.

"కాగితంలో జాగ్రత్తలున్నాయి గానీ ఎన్నాళ్ళో రాయలేదండి. అందుకే చీమల్ని అడుగుతున్నాను. మీరూ రండి రోజూ."

వెళ్ళాను. ఎండ తగిలే చోట కోసిన గడ్డితో పదకొండో రోజు నుంచి చీమలు బతికాయి. సపోటా చెట్టు నీడలో కోసిన గడ్డితో పంతొమ్మిదో రోజుక్కూడా చచ్చాయి. ఒకే మందు, ఒకే చేత్తో, ఒకే పూట కొట్టాను. పాపని మర్నాడే దింపమన్నవాణ్ణి నేను.

నీడ గడ్డితో కూడా చీమలు బతికిన రోజున, "ఇంక దింపచ్చేమోనండి?" అన్నాను భయంగా.

"చీమలు చస్తే పాపకి మంచిది కాదని తెలుస్తుంది. బతికినంత మాత్రాన మంచిదని తెలియదు కదండి," అన్నారావిడ. గడ్డంతా కోయించి, ఇంకో పదిహేను రోజులాగి, దుప్పటి పరిచి పాపని కూర్చోబెట్టారు.

ఆ వారంలోనే ఒక కల్యాణమండపం ఓనరు బుల్లిరాజు గారు కబురంపారు. ఆయన లాన్ కీ పురుగే. "మందు కొడితే ఎల్లుండి పెళ్ళివారు కూర్చోవచ్చా?"

"నాకు తెలియదండి," అన్నాను, జీవితంలో మొదటిసారి. "కొన్ని వారాలు ఆగితే మంచిది."

"తెలియనివాడివి ఎందుకొచ్చావయ్యా?" అని ఆయన ఇంకొకణ్ణి పిలిపించుకున్నాడు. నిజం చెప్పానన్న గర్వంతో సైకిలెక్కాను. కడియం చేరేసరికి గర్వం పోయి, ఆకలి మిగిలింది.