అందరికీ ఉండే నొప్పే

పదకొండున్నరకి పిల్ల మళ్ళీ మిషను మీద తల వాల్చేసింది. సాయంత్రానికల్లా నాలుగొందల చొక్కాలు లారీ ఎక్కాలి. కాలర్లు కుట్టే పిల్ల ఆగిందంటే వెనక కూర్చున్న పాతికమందీ చేతులు ముడుచుకోవాల్సిందే.

ఆ మిషన్ల లైను మీద అజమాయిషీ చేసే ఆవిడ విసవిసా వచ్చింది. ఆ పిల్లకి కన్నతల్లే. కానీ షెడ్డులో అందరితోపాటు కూతురూ "అక్కా" అనే పిలవాలి. సొంతమనిషికో న్యాయం, పరాయివాళ్ళకో న్యాయం అన్న మాట పడకూడదని ఆవిడ పట్టుదల. దాంతో మేనేజరు దగ్గర మంచి పేరొచ్చింది. ఎందుకు, తగలెయ్యనా ఆ పేరు!

నెలసరి నొప్పి అన్న ప్రతి పిల్లకీ ఓ తెల్ల మాత్ర, గ్లాసుడు నీళ్ళు, మళ్ళీ మిషను. అదీ అక్కడి పద్ధతి.

"పొద్దున రెండు వేశాగా! లే, అందరూ మనకేసే చూస్తున్నారు."

"కడుపులో మెలిపెట్టేస్తోందే అమ్మా."

"ఇక్కడ అమ్మెవరే? ఆడదానిగా పుట్టాక అందరికీ ఉండేదే. నేను పడలా? నువ్వొక్కదానివే అపురూపం!"

పిల్ల పళ్ళబిగువున లేచి రెండు కాలర్లు కుట్టింది. మూడోది చేతిలో ఉండగానే బల్ల కిందికి జారిపోయింది.

ఆస్పత్రిలో స్కానింగ్ అయ్యాక డాక్టరమ్మ ఇద్దర్నీ కూర్చోబెట్టింది.

"గర్భసంచి లోపల ఉండే పొరలాంటిదే బయట కూడా పెరుగుతోంది. నెలనెలా అక్కడా రక్తం కారి, పోయే దారి లేక గడ్డకట్టింది. పేగులకి అతుక్కుంది. ఎడమ అండాశయం బాగా దెబ్బతింది. ఆపరేషన్ చేద్దాం, మందులున్నాయి, నొప్పి తగ్గిస్తాం. పాడైందంతా బాగవుతుందని మాత్రం చెప్పలేను. ఎన్నాళ్ళ నుంచమ్మా ఇది?"

"పదమూడో ఏటి నుంచండీ," అంది కూతురు.

పిల్లకి ఇప్పుడు పందొమ్మిది.

"ఆరేళ్ళా! ఇంట్లో ఎవరికీ చెప్పలేదా?"

తల్లి మొహంలోకి ఓసారి చూసి పిల్ల తల దించుకుంది. "లేదండీ. సిగ్గేసి చెప్పలేదు."

తల్లి చప్పున కూతురి వైపు తిరిగింది. చెప్పకపోవడమేమిటి! బడి మానేసి చాప మీద దొర్లిన రోజున చెప్పింది. స్నానాలగదిలో కూలబడి చెప్పింది. నాటకాలని తిట్లు తిని కూడా చెప్పింది. ఈ పూట, ఈ పూట కూడా చెప్పింది. ఇప్పుడు ఆ తల్లినే వెనకేసుకొస్తోంది.

డాక్టరమ్మ ఆ మాటే రాసుకోడానికి కాగితం మీదికి వంగింది. తల్లి ఊరుకుంటే సరిపోయేది. ఎవరూ అడిగేవాళ్ళు లేరు.

ఆవిడ ఊరుకోలేకపోయింది. చెయ్యి చాచి కాగితానికి అడ్డం పెట్టింది.

"అలా రాయకండమ్మా. చెప్పింది. నెలనెలా చెప్పింది. నాకే చెప్పింది."