వీపు తిప్పే ఇళ్లు

ఊరేగింపు ఉందని తెలిస్తే ఆ వీధి ఆడవాళ్లు ముందు చేసే పని, అలమార్లోని గాజు సామాను దించి మంచాల మీద పెట్టుకోవడం. ఇళ్లు తిరిగేటప్పుడు ఏదో ఒకటి పగలడం మామూలే. నినాదాలు మలుపు దగ్గర వినపడగానే డాబాలూ పెంకుటిళ్లూ ఒక్కొక్కటే గుమ్మాలను పెరటివైపు తిప్పేసుకునేవి. వచ్చినవాళ్లు గోడలకు అరుచుకుని పోయేవాళ్లు.

"పర్మిషన్ ఉంది మామ్మగారూ, అరవనివ్వాలి," అనేవాడు ఇన్‌స్పెక్టరు.

"అరుచుకోమను నాయనా. మేం వినాలని కూడా రాసిచ్చారా ఏంటి?" అనేది మేడింటి మామ్మ.

తిరగనిది ఇస్త్రీ అక్క చెక్కబడ్డీ ఒక్కటే. పాపం, దానికి పునాది ఎక్కడిది? పైగా ఆ కేకలన్నీ ఆమెలాంటి వాళ్ల మీదే, బయటినుంచి వచ్చినవాళ్లు పోవాలని. ఆమె తల వంచుకుని మడత మీద మడత వేసుకుంటూ ఉండేది.

ఈసారి మాత్రం పొద్దున్నే మూట కట్టేసింది.

"ఎక్కడికే?" అంది మామ్మ.

"ఇవాళ నా బడ్డీ దగ్గరే ఆగుతారంట మామ్మా. నన్ను తిడితే పడతాను. పిల్లని బడికెలా పంపను? సాయంత్రం బస్సుకి పోతాం. మీ చీర ఒక్కటీ అయిపోతే..."

"చీర తగలెయ్!" అంది మామ్మ, ఇంకేమనాలో తోచక.

అన్నట్టే వచ్చారు. ఇళ్లు తిరిగాయి. నాయకుడు మైకులో పాత పాటే అందుకున్నాడు. ఇన్‌స్పెక్టరు ఆవులించాడు. అప్పుడు మైకు బడ్డీ వైపు తిరిగింది.

"ఇదిగో, ఇదే! పీకి పారెయ్యండి. అడ్డొస్తే దాన్ని కూడా!"

నలుగురు బడ్డీ మీద చెయ్యేశారు.

ఇన్‌స్పెక్టరు అడుగు వేసేలోపే ఇళ్లన్నీ గిర్రున ఇటు తిరిగాయి. ఎక్కడివాళ్లు అక్కడే గుమ్మాల్లో తేలారు. సగం గడ్డం గీసుకున్న మాస్టారు, ఒళ్లో కంచంతో పెద్దాయన, తడి జుట్టు తుడుచుకుంటున్న కోడలు. అందరూ నాయకుడినే చూస్తున్నారంతే.

"ఊఁ, ఇప్పుడు చెప్పు నాయనా," అంది మామ్మ. "వింటున్నాం."

ఇన్నాళ్లూ గోడలకు అలవాటు పడిన గొంతు మనుషుల్ని చూసి పెగల్లేదు. బడ్డీ మీది చేతులు ఒక్కొక్కటే జారిపోయాయి.

"పర్మిషన్ ఇచ్చింది అరవడానికి. మనిషి మీదికి ఉసిగొల్పడానికి కాదు. ఎక్కు జీపు!" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

సాయంత్రం ఇస్త్రీ అక్క వీధి పొడుగునా నడిచింది. నోరు తెరిస్తే ఏడుపొస్తుందేమోనని, పాలిచ్చిన ఆవును నిమిరినట్టు ఒక్కో ఇంటి గోడనీ అరచేత్తో నిమురుకుంటూ పోయింది. తిరిగిన అలసటకేమో, గోడలు వెచ్చగా ఉన్నాయి.

సందు చివర హారను మోగింది.

"అమ్మా, బస్సు వెళ్లిపోతోందే!" అంది కూతురు.

"వెళ్లనీ," అంది ఆమె, ఇంకో గోడ మీద చెయ్యి వేస్తూ. "రేపు నీకు బడుంది."