పాలపిట్టను చూడని దసరా

దసరా నాడు పొద్దు వాలుతుండగా ఆ ఊరివాళ్ళంతా పాలపిట్టను చూడటానికి చేల మీదికి బయలుదేరుతారు. పిట్ట కనబడకముందే ఇంటికి మళ్ళితే ఆ ఏడాది అచ్చిరాదంటారు. చూడగానే చేతులు జోడించి మనసులో ఏది కోరుకుంటే అది జరుగుతుందనీ అంటారు. ఆ సాయంత్రం మర్రిగూడ తొవ్వలో నర్సింగమ్మ ఇంటివాళ్ళందరికంటే ముందు నడుస్తున్నది చిన్నకోడలు యాదలక్ష్మి. చంకలో మూడు నెలల ఆడపిల్ల, చేతిలో మేకపాల చెంబు, మనసులో ఒకటే కోరిక. తనకు పాలు పడాలి.

బిడ్డ పుట్టిన కొన్నాళ్ళకే ఆమెకు జ్వరం తగిలింది. నల్లగొండ దవాఖాన నుంచి ప్రాణంతో తిరిగొచ్చింది గానీ పాలు ఇంకిపోయాయి. పెద్దకోడలు సాలమ్మకు చంటిపిల్లవాడు ఉన్నాడు. ఎవరూ అడగకముందే ఆమె ఈ పిల్లనూ రొమ్ముకు చేర్చుకుంది. "వానికో దిక్కు, దీనికో దిక్కు" అని నవ్వేది. రోజులు బాగానే సాగుతుండగా, మొన్న బతుకమ్మకు పూలు తెంపేచోట పక్కింటి బీరమ్మ నోరు జారింది.

"సుకమంటే నీదే యాదలచ్చీ. కోయిల గుడ్డు తీస్కపోయి కాకి గూట్ల ఏసినట్టు, పిల్లను సాలమ్మకు అప్పజెప్పి దులుపుకుంటివి."

అందరూ నవ్వారు. యాదలక్ష్మి కూడా నవ్వింది. మూడో తరగతితో బడి మానిపించారు గానీ, కోయిల పాఠం ఆమెకు ఇప్పటికీ నోటికొచ్చు. అందులో కోయిల తీయగా పాడుతుందనే ఉంది, గుడ్డు సంగతి లేదు. కన్నబిడ్డను ఊరి ముందు పరాయిగూటిలో వేసినదాన్నయ్యానా అనే మాట లోపల ముల్లులా గుచ్చుకుంది. ఆనాటి నుంచి బిడ్డను సాలమ్మకు ఇవ్వడం మానేసి, ఉగ్గుగిన్నెతో మేకపాలు పోస్తోంది. పిల్ల రెండు గుక్కలు మింగితే ఒక గుక్క కక్కుతోంది. సాలమ్మ చేతులు చాపినప్పుడల్లా "ఇప్పుడే తాగిందక్కా" అని తప్పించుకుంటోంది.

"గాడ! గాడ!" అన్నాడు ఆమె పెనిమిటి గాలయ్య, కంది చేను వైపు చెయ్యి చూపి.

"అది జెముడుకాకిరా. కండ్లు కల్లుకుండల మరిచొచ్చినవా?" అంది నర్సింగమ్మ.

ఆమె దగ్గర ప్రతి పిట్టకూ ఒక తీర్పు ఉంది. కొంగది దొంగభక్తి. బావి మీద వేలాడే గిజిగాడి గూళ్ళు చూసి, "గది మొగతనమంటే. పెండ్లాం కోసం ఇల్లు గడుతది. నా కొడుకులు చుట్ట గాల్చుకుంట కూసుంటరు" అంది. అంతలో తీతువు పిట్ట ఒకటి తల మీదుగా అరుచుకుంటూ పోయింది. నర్సింగమ్మ అపశకునమని థూ అని ఉమ్మింది.  యాదలక్ష్మి బిడ్డను రొమ్ముకు అదుముకుంది.

ఆముదం చేలు దాటారు. తాటిచెట్లు దాటారు. పిట్ట జాడ లేదు. పిల్ల ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది. యాదలక్ష్మి గట్టు మీద కూర్చుని చెంబులోకి చూసింది. ఎండకు పాలు విరిగిపోయాయి. పిల్ల ఏడుపు ఆపేసి, నోరు మాత్రం తెరిచి మూస్తోంది. ఏడుపు కంటే ఆ నిశ్శబ్దమే ఆమెను భయపెట్టింది.

"ఎవ్వరు మర్లకుండ్రి. జర ముంగటికి పోతే అవుపడుతది" అంటూ నర్సింగమ్మ కొడుకులను తోలుకుని రోడ్డు వైపు సాగింది. సాలమ్మ తన పిల్లవాణ్ణి మొగుడి భుజానికెక్కించి వెనక్కి వచ్చింది.

"ఇటియ్యి చెల్లె."

"ఒద్దక్కా. పిట్ట కనవడనియ్యి."

"కనవడితే?"

యాదలక్ష్మి చెంబును పక్కకు నెట్టింది. "నాకు పాలు పడాల్నని మొక్కుకుంట. అందరు నన్ను కోయిల అంటుండ్రక్కా."

సాలమ్మ ఆమె మీదికి వంగింది. "నిన్ను కోయిల అన్నరు. మరి నన్నేమన్నట్టు?"

బీరమ్మ అన్నప్పటి నుంచి యాదలక్ష్మి తనకు తగిలిన దెబ్బనే తడుముకుంది గానీ, అదే మాట సాలమ్మను ఏం చేసిందో ఒక్కసారీ తలచుకోలేదు.

"నేనేం తప్పు జేసిన్నో, పిల్లను ముట్టనిస్తలేదని ఒకటే ఫికర్. దానికి తోడు పాలు గడ్డకట్టి చెయ్యి లేస్తలేదు, సూడు" అని సాలమ్మ చంక కింద పట్టుకుంది. "కాకంటే కాకే పో. ఎర్రనోరు తెరిస్తే మేత పెడుతది. నువ్వెవ్వని బిడ్డవని అడుగుతదా?"

యాదలక్ష్మి బిడ్డను ఆమె ఒడిలో పెట్టింది.

సాలమ్మ రోడ్డుకు వీపు తిప్పి కూర్చుంది. యాదలక్ష్మి ఎదురుగా నిలబడి, ఎండ తగలకుండా పైట కొంగును రెండు చేతులతో పరిచి పట్టుకుంది. సరిగ్గా అప్పుడే రోడ్డు మీద కేకలు లేచాయి.

"అగో! కరెంటు తార్ మీద! మొక్కుండ్రి, మొక్కుండ్రి!"

తల ఎత్తితే చాలు, కనబడుతుంది. చేతులు జోడిస్తే కొంగు జారి బిడ్డ కళ్ళలో ఎండ పడుతుంది. ఆమె బిడ్డ గొంతు వైపే చూస్తూ ఉండిపోయింది. గుటక, మళ్ళీ గుటక.

"అమ్మా, అది తొండను తార్‌కేసి సావగొడుతాంది. పున్నెపు పిట్టకు గదేం పనే?" గాలయ్య గొంతు.

"నోర్ముయ్యి. దానికి ఆకలైతాంది" అంది నర్సింగమ్మ.

సాలమ్మకు నవ్వాగలేదు. ఒళ్ళు కదిలేసరికి పిల్ల చిరాకుపడి, మళ్ళీ పట్టుకుంది.

పిట్ట లేచిపోయాక నర్సింగమ్మ గట్టు దగ్గరికి వచ్చింది. "మొక్కినవా చిన్నదానా?"

"లేదత్తా."

"నువ్వన్న మొక్కినవా?"

"నా చేతులేడ ఖాళీ ఉన్నయత్తా?" అంది సాలమ్మ.

నర్సింగమ్మ ఏదో అనబోయి ఒడిలోకి చూసింది. ఊపిరాడనట్టు తాగుతున్న పిల్లను చూసి, తన కొంగు కూడా తీసి నీడ పట్టింది.

పిల్ల నిద్రపోయాక యాదలక్ష్మి భుజాన వేసుకుంది. దాని తల నిండా సాలమ్మ చెమట వాసన. కొంచెం కష్టమనిపించింది. అయినా తుడవలేదు.

"తెల్లారగట్ల లేస్తదక్కా. వచ్చి తలుపు కొడుత" అంది నడుస్తూ.

"కొట్టుడెందుకు? మా పోరడు లేస్తడు" అంది సాలమ్మ. "గొళ్ళెం పెట్టను, తోసుకొని రా."