మూడు చుక్కల అవతల

పత్తి రైతు యాకమ్మ హన్మకొండలోని న్యూస్ సైటు ఆఫీసు మెట్లెక్కి వచ్చి, కొంగులో మూటగట్టిన తడి పత్తిని, వార్తలు రాసే సబియా బల్ల మీద కుమ్మరించింది. పత్తి నల్లబడి ముక్కవాసన కొడుతోంది.

"ఫోన్ల గీ మార్కెట్ వార్త రాసిందెవలు బిడ్డా?"

రాసింది సబియానే. వాన సూచన ఉంది, కేసముద్రం మార్కెట్ బంద్, పత్తి తేవద్దని మొదటి వాక్యంలోనే రాసింది. ఫోన్లకు పోయే ఫీడ్‌లో దాన్ని సైటు యజమాని సారంగపాణి నరికాడు. "రేపు కేసముద్రం పోయే రైతులకు ముఖ్య గమనిక..." అంతే. ఆ మూడు చుక్కల అవతలికి పోవాలంటే సైటు తెరవాలి, మోకాళ్ల నొప్పుల నూనె, రమ్మీ, ప్లాట్ల ప్రకటనలన్నీ దాటాలి. ప్రకటన కనబడితేనే ఆయనకు పైసలు. రైతుకు వార్త ఉత్తపుణ్యానికి అందితే దొరగారి కొంప మునుగుతుంది మరి!

"నా కొడుకు వత్తుతనే ఉన్నడు. ఒకటి మూస్తె ఇంకోటచ్చె. ఇగ ట్రాక్టర్ కట్టినం. మార్కెట్ గేటు కాడ వాన పట్టింది. పంటంత పాయె బిడ్డా."

యాకమ్మ అక్కడే కూలబడింది. సబియాకు సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది.

సాయంత్రం మళ్లీ కబురొచ్చింది, రేపూ మార్కెట్ బంద్. తొర్రూరు దిక్కు ఇంకా ఎన్ని ట్రాక్టర్లు నిండుతున్నాయో! సబియా యజమాని గదిలోకి పోయింది.

"సార్, ఈ ఒక్కటి ఫీడ్‌ల నిండుగ పంపుదాం."

"నిండుగ పంపితే సైటుకెవడొస్తడు? మీ జీతాలు నేనెక్కడి నుంచి తేవాలె?"

గది బయట వార్తలు రాసేవాళ్లంతా గుమిగూడారు.

"ఆయనన్నది నిజమే గదా. యాడ్స్ పోతే రోడ్డున పడేది మనమే. నాకిద్దరు పిల్లలు," అన్నాడు భాస్కర్.

"ఆ రైతమ్మకు లేరా అన్నా? మనం రాసేది జనం కోసమా, నూనె సీసా కోసమా?" అని స్నేహలత లేచింది.

ధైర్యం ఎవరికీ లేదు. అయినా ఎవరూ ఇంటికి పోలేదు. చివరికి భాస్కరే వార్త నిండుగా పోయేలా ఫీడ్ సెట్టింగ్ మార్చాడు. రేపూ బంద్, పత్తి తేవద్దని శీర్షికలోనే పెట్టారు. నిన్నటి వార్తను ఎవరు, ఎందుకు నరికారో కూడా రాసి, కింద అందరి పేర్లూ వేశారు.

సారంగపాణి ఉరికొచ్చి చెరిపేశాడు. ఏం లాభం? ఒకరి ఫీడ్ ఒకరు ఎత్తుకుని మక్కీకి మక్కీ వేసుకోవడమే ఈ దందా. చదివేవాడెవడూ ఉండడు, మిషన్లే లాక్కుంటాయి. అప్పటికే వార్త ఖమ్మం, కరీంనగర్ సైట్లలోకి పాకింది.

"ఎత్తుకచ్చుడు మాకు నేర్పింది మీరే గద సార్!" అంది స్నేహలత.

పోలీసులొచ్చారు. సారంగపాణి ఫిర్యాదు మీద, పేర్లలో మొదటిదైన సబియా సైటు హ్యాక్ చేసిందని కేసు పెట్టి ఆమెను జీపెక్కించారు.

"మా అమ్మీకి షుగరు. జర చూసుకోండ్రి," అంటూ ఏడ్చేసింది.

"నిజం రాసిన పిల్లను ఎటు గొంచవోతాండ్రు?" అని, ఇంకా మెట్ల కాడే ఉన్న యాకమ్మ జీపుకు అడ్డం నిలబడింది. ఆమెను పక్కకు నెట్టారు.

దారిలో కానిస్టేబుల్ ఫోన్ మోగింది. అతను చూసి, ఫోన్ సబియా వైపు తిప్పాడు. ఖమ్మం సైటు వార్త. అరెస్టు సంగతి వాళ్లకు భాస్కర్ చెప్పి ఉంటాడు. అక్కడ రాసేవాళ్ల ముఖాలు కూడా ఆమె ఎరగదు.

చుక్కల్లేవు. శీర్షికంతా నిండుగా ఉంది.

"రైతులకు నిజం చెప్పిన సబియా అరెస్ట్. పొద్దున ట్రాక్టర్లు మార్కెట్‌కు కాదు, ఠాణాకు రావాలె."